రోజీకి అలవాటైన మాట

పాస్టరు గారికి వందనాలండి.

ఫోనులో చెబితే మా అత్తగారి చెవిన పడుతుందని ఈ చీటీ రాస్తున్నాను. మొన్న శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూడిక జరిగినప్పుడు, మీరు "స్తోత్రం" అన్న ప్రతిసారీ మా కుక్కపిల్ల రోజీ చాప తడిపింది కదండీ. అది భక్తి లేక కాదండి.

ఇల్లంతా పాడు చేస్తోందని దాన్ని రోజూ పెరట్లో కొబ్బరిచెట్టు దగ్గరికి తీసుకెళ్ళేదాన్ని. అక్కడ పని కానిచ్చిందంటే చాలు, నాకు ప్రాణం లేచొచ్చి "స్తోత్రం!" అని బిస్కెట్టు పెట్టేదాన్ని. ఇప్పుడు ఆ మాట వినపడితే ఎక్కడున్నా అక్కడే కానిచ్చేస్తోంది. ఆవేళ తోకాడించుకుంటూ మీ మొహంలోకి చూసింది కూడా బిస్కెట్టు కోసమేనండి.

మా అత్తగారేమో, "దీనికి దయ్యం పట్టిందే! అంబాజీపేట మార్కెట్టుకి తీసుకెళ్ళి, దూరం పోయే కొబ్బరికాయల లారీ ఎక్కించేద్దాం" అంటున్నారు. ఆవిడ మీ మాటైతే వింటారు. "దయ్యం కాదమ్మా, బిస్కెట్టే" అని మీరొక్కసారి చెప్పాలండి.

అలాగని ఈ శుక్రవారం రావడం మానకండి. చాపలు ఉతికి ఆరేశాను. మీరు "హల్లెలూయ" అని ఎన్నిసార్లన్నా ఫర్వాలేదండి, అది దానికింకా నేర్పలేదు.

ఇట్లు,
మీ సంఘంలో ఒక చెల్లెలు