ఈశాన్యంలో కోట

భీమవరం

చిరంజీవి మంజుషకు పిన్ని ఆశీస్సులు.

మా గృహప్రవేశానికి నువ్వు వేసి పంపిన మేఘాల్లో కోట బొమ్మకి అర్థమేంటో ఇక్కడ ఎవరికీ అంతుపట్టలేదు. మీ బాబాయిగారు వాస్తు సిద్ధాంతిగారిని పిలిపించారు. ఆయన దాన్ని ఇంటి ప్లానులా చదివి, పైన కుడిమూల చూపించి, "ఇంత బరువైన బురుజు ఈశాన్యంలోనా అండీ! మీ చెరువుల్లో రొయ్య బతకదండి" అన్నారు. బొమ్మ నీకే వెనక్కి పంపేయమన్నారు మీ బాబాయిగారు.

నాకు మనసొప్పక తలకిందులుగా తగిలించాను. బురుజు నైరుతికి దిగింది. సిద్ధాంతిగారు దివ్యంగా ఉందన్నారు. వచ్చినవాళ్ళందరూ "చెరువు నీళ్ళలో కోట నీడ కదండీ!" అంటూ నిన్ను తెగ మెచ్చుకుంటున్నారు.

ఇప్పుడు తలకిందులుగా ఉన్నది నీ సంతకం ఒక్కటే. ఈసారి వచ్చేటప్పుడు కుంచె తెచ్చుకుని, అది సరిచేసి వెళ్ళు తల్లీ.