అజయ్ సారు కోసిన మూడు చేతుల అంగీ

ఎల్లారెడ్డి

మేనల్లుడు అజయ్‌కు ఎంకయ్య మామ దీవెనలిచ్చి రాసేది.

ఫోన్ల చెప్తే నడుమల నవ్వుతవని రాసి, బస్సుల మనోళ్ల చేతికిచ్చి పంపుతున్న. సదాశివనగర్ల నీకొక సంబంధం చూసిన. పిల్ల పేరు అనిల, డిగ్రీ అయింది. నువ్వు కామారెడ్డి కాలేజీల ఏం చెప్తవని అడిగిండ్రు. బట్టలు కోసుడు చెప్తడన్న. గంతేనా అన్నరు. జర ఇవరంగ రాయి.

నీ మామ

తా.క.: నీ ఫోటో అడిగిండ్రు, ఇయ్యలే. మొదాలు మంచిమాటలు నడవనియ్యి.

కామారెడ్డి

ఎంకయ్య మామకు వంగి దండం పెట్టి రాసేది.

నేను చెప్పేది క్రియేటివ్ ప్యాటర్న్ కటింగ్. కొలతలు పట్టి కుట్టే పని కాదు. ముందు కాగితాన్ని మడిచి, మెలిపెట్టి, కోసి, ఎవరూ చూడని ఆకారం తీస్తాం. తరువాత ఆ ఆకారంలో బట్ట కోస్తాం. "భయపడకుండా కోయండి" అని పిల్లలకు చెబుతాను. నేను మాత్రం భయపడుతూనే కోస్తాను. పెళ్లి మాట ఇప్పుడు వద్దు. సోమవారంలోగా ఇంకొక్కరు చేరకపోతే కోర్సు మూసేస్తారట. దానితో నా ఉద్యోగమూ పోతుంది. చాలా దిగులుగా ఉంది మామా.

కత్తెర ఉన్నా ధైర్యం లేని,
అజయ్

తా.క.: నా అంగీలు నేను దుకాణంలో కొనుక్కుంటాను. ఎవరికీ చెప్పకండి.

ఎల్లారెడ్డి

అల్లుడా,

నౌకరి పోయినంక పిల్లనెవలిస్తరు? సోమారం లోపలే ఖాయం చేద్దాం. నువ్వు కోసిన అంగీ ఒకటి పంపు. ఏసుకపోయి నీ పనితనం చూపిస్త.

నీ మంచి కోరే మామ

తా.క.: నా ఛాతి కొలత రాస్తలేను. కొలతలు పట్టే పని కాదన్నవు గద.

కామారెడ్డి

మామకు భయభక్తులతో,

అంగీ పంపుతున్నాను. మూడు చేతులున్నాయి, బెదరకండి. మూడోదాన్ని మెడ చుట్టూ తిప్పి వీపున గుండీ పెట్టుకోవాలి. నిజానికి కాగితం తప్పుగా మడిచి కోశాను. క్లాసులో ఆ తప్పునే పాఠంగా చెప్పేశాను.

మీ అజయ్

తా.క.: వేసుకోవడం రాశాను గానీ, విప్పడం నాకూ తెలియదు.

ఎల్లారెడ్డి

అల్లునికి, మీ అత్త కుట్లు విప్పితే బయటపడ్డ మామ రాసేది.

నీ అంగీ ఏసుకొని సదాశివనగర్ పోయిన. నా చెయ్యి యాడున్నదో దొరకక కండక్టర్ టికెట్ నా నోట్లె పెట్టిండు. ఆళ్లింట్ల చాయ్ ఇస్తే పట్టుకోరాలే. పిల్ల తల్లి నవ్వాపుకోలేక లోపటికి ఉరికింది. నాకు మస్తు శరమైంది, నీ మీద కోపమొచ్చింది.

అనిల మాత్రం నా చుట్టు తిరిగి తిరిగి చూసింది. "గీ మూడో చెయ్యి ఎట్ల కోసిండు బాపూ?" అన్నది. కాగితం తప్పు మడిచిండు, పిల్లలకు గదే పాఠం చెప్పిండని ఉన్నదున్నట్టు చెప్పిన. పడి పడి నవ్వింది. "తన తప్పు తనే చెప్పే సారు యాడ దొరుకుతడు! నేను చేరుత" అన్నది. సోమారం పొద్దుగాల ఆళ్ల నాయినతోని వస్తది. నీ కోర్సు నిలబడ్డది, నీ నౌకరి నిలబడ్డది.

గర్వంతోని,
నీ మామ

తా.క.: సంబంధం మాట మరిచిపో. "చదువు చెప్పే సారును పెండ్లెట్ల చేసుకుంట?" అన్నది. గది నిజమే బిడ్డా, మావోడు పెండ్లి మాటెత్తడని నీ తరఫున నేనే ఒట్టు పెట్టి వచ్చిన.