గడ్డం కింద మాస్కు

అక్కా,

కరోనాలో నువ్వు పోయాక మూతపడ్డ నీ అంగన్‌వాడీని ఇవాళ తెరిచారు. మూడేళ్ల నీ మనవరాలు మున్నీని బోధన్‌లో మన వాడలోని ఆ బడికి నేనే తీసుకెళ్లాను. పిల్లలందరికీ మాస్కులు కట్టారు. కాసేపటికే బొమ్మలున్న మాస్కులు బాగున్నాయని, ఒకరి మాస్కు ఒకరు లాక్కుని పెట్టుకున్నారు. అన్నీ చొంగతో తడిసినవే! నాకు ఒళ్లు మండి మున్నీ మాస్కు తీసేశాను.

తన మాస్కును గడ్డం కింద వేలాడేసుకున్న వాడ పెద్దమనిషి అరిచాడు: "మీ అక్కను మింగింది సాలదా? పోరిని గూడ పంపుతవా?"

"మా అక్క గా రోగం పిల్లల కాడ తెచ్చుకున్నదా? మీ ఇంటి పెండ్లిల తెచ్చుకున్నది. మూతి మూసుకునుడు మనకు శాతగాదు గని, గీ పసిపోరలకు కావాల్నా? ముందుగాల నీది పైకి గుంజు, కాకా!"

ఆయన మాస్కును ముక్కు మీదికి గుంజుకున్నాడు. తల్లులు కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. పసివాళ్లను కాపాడాలంటే మాస్కు పెట్టుకోవలసింది పెద్దలే. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

సాయంత్రం మున్నీ రెండుసార్లు దగ్గి నిద్రపోయింది. నుదురు ముట్టుకుంటే వేడి లేదు. అయినా ఎడమచెయ్యి అక్కడే ఉంచి, నీకు ఇది రాస్తున్నాను.