సారు సెట్టు వేయమన్నారు

జూబ్లీహిల్స్,
ఆదివారం మధ్యాహ్నం

బాపూ,

మీ చిన్నబిడ్డ రేణుక ఇక్కడి నుంచే నీకూ అవ్వకూ కాళ్లు మొక్కి రాస్తున్నది. మేమిద్దరం బాగున్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అవ్వ వేళకు తింటున్నదా? అన్నయ్య, పిల్లలు బాగున్నారా? ఎర్రావు ఈనిందో లేదో వదినతో రాయించు.

ఫోను చేస్తే నువ్వు "ఆ? ఆ?" అంటావు, నేను గట్టిగా మాట్లాడలేను. అందుకే కాగితం మీద రాస్తున్నాను. వదినా, బాపుకు నిదానంగా చదివి వినిపించు. నవ్వు వస్తే ఆగి, నవ్వి, మళ్లీ చదువు. మధ్యలో వదిలేయకు. చెప్పాల్సింది చాలా ఉంది.

ఇక్కడ ఇళ్లన్నీ గుట్టల మీదే, బాపూ. మా సారు ఇల్లు పైన ఉంటుంది, మా గది అడుగున ప్రహరీ గోడ పక్కన ఉంటుంది. రెంటికీ మధ్య పెద్ద వాలు. సారు సినిమా వాళ్లు. సినిమాలో కనిపించే ఇళ్లు, వీధులు ఎలా ఉండాలో బొమ్మలు గీసి కట్టిస్తారట. మీ అల్లుడు గేటు కాపలా, తోట పని చూస్తారు. నేను మెట్లు ఊడుస్తాను, బట్టలు ఆరేస్తాను. వీధిలో నడిచే మనిషి ఉండడు, కార్లే పోతుంటాయి. మొన్నటి దాకా నాకు రోజంతా మాట్లాడటానికి ఎవరూ లేరు. ఉన్నా నేనేం మాట్లాడతానులే, నీకు తెలుసు కదా. జొన్నరొట్టె మాత్రం గ్యాసు పొయ్యి మీద కూడా బాగానే పొంగుతున్నది. అవ్వకు చెప్పు, దిగులు పడొద్దని.

మొదటి పెద్ద వానకే వాలు మీది ఎర్రమట్టి జారి మా గడప దాటి లోపలికి వచ్చింది. ఇద్దరం పళ్లాలతో ఎత్తి పోశాం. అంతకు ముందు అక్కడ గడ్డి పరిచి, గులాబీలు పెట్టారట. అన్నీ కొట్టుకుపోయాయి.

ఆ తర్వాత రెండు రోజులకు నేను మెట్లు ఊడుస్తుంటే సారు దిగివచ్చారు. "మీ ఆయనకు చెప్పమ్మా. ఈ వాలు మీద సెట్టు వెయ్యాలి. పల్లెటూరి గుట్టలా కనపడాలి. పది రోజుల్లో అయిపోవాలి" అన్నారు. నేను తల ఊపాను.

బాపూ, మనమంతా చెట్టును సెట్టు అనే అంటాం కదా. దానికే బళ్లో పంతులు నన్ను ఎన్నిసార్లు నిలబెట్టారో. ఇంత చదువుకున్న సారు కూడా మనలాగే సెట్టు అన్నారని నాకు ఎంత సంతోషమో! చీపురు అక్కడే పడేసి గేటు దగ్గరికి పరుగెత్తాను.

"ఏం సెట్లు పెట్టాల్నట?" అన్నారు మీ అల్లుడు.

"చెప్పలే. పల్లెటూరి గుట్ట లెక్క కావాల్నట."

"అడుగకపోతివా?"

"నాకు సిగ్గయింది."

"మంచిగనే ఉంది. మాది చదును చెల్క, గుట్ట సంగతి నాకేమెరుక? గుట్ట మీద ఎవుసం చేసింది మీ బాపు. ఏమేం కావాల్నో నువ్వే చెప్పు."

నువ్వే చెప్పు అని నాతో ఎవరైనా అనడం అదే మొదలు, బాపూ. ఆయన పైసల కోసం సారు మేనేజరు దగ్గరికి వెళ్తే, "సెట్టు పనికేనా?" అని అడిగాడట. "అవును సార్, సెట్ల పనికే" అన్నారట ఈయన. ఇంకేం మాట్లాడకుండా ఇచ్చాడు.

ఇద్దరం మధురానగర్ అవతల ఉన్న నర్సరీకి పోయాం. అక్కడాయన పచ్చిక చూపించాడు, రంగుల ఆకుల మొక్కలు చూపించాడు, కుండీలో ఒంటికాలి మీద నిలబడ్డ మొక్క ఏదో చూపించాడు. నేను అన్నింటికీ తల అడ్డంగా ఊపాను. "చెల్లెకు ఏదీ నచ్చుతలేదు, నా దుకాణమన్న నచ్చిందా?" అన్నాడు. నేను మీ అల్లుడి వెనక నిలబడి ఒక్కొక్క పేరూ చెప్తుంటే ఆయన అడిగారు. పైన లోతుకు వేరు దిగేవి కావాలి కాబట్టి వట్టివేరు పిలకలు. దాని కింద నిమ్మగడ్డి. మధ్యలో తంగేడు, సీతాఫలం, రాళ్ల సందుల్లోకి కలబంద. అడుగున, మా గది దగ్గర నీళ్లు నిలిచే చోట, నీళ్లు తాగేవి ఉండాలని రెండు అరటి పిలకలు, పసుపు కొమ్ములు. సంచులు ఆటోలో పెడితే మాకు కూర్చునే చోటు లేదు. తంగేడు నా ఒడిలో, అరటి ఆయన భుజం మీద. దారంతా నవ్వుకుంటూ వచ్చాం.

మొక్కల కంటే ముందు రాళ్లు పెట్టించాను. నీ గుట్ట పొలంలో పేర్చినట్టే, వాలుకు అడ్డంగా వరసలు. మట్టం సరిగా ఉందో లేదో పళ్లెంలో నీళ్లు పోసి చూశాను. ప్రతి వరస వెనక మట్టి నింపి పిలకలు నాటాం. చేతులు పుళ్లయ్యాయి, ఇప్పుడు తగ్గాయి. తొమ్మిది రోజులకు సగం వాలు అయింది. ఆ తొమ్మిది రోజులూ సారు ఊళ్లో లేరు.

పదో రోజు పొద్దున ఒక డీసీఎం లారీ వచ్చి ఆగింది. యూసుఫ్‌గూడ నుంచి మేస్త్రి, ఆయనతో ఆరుగురు మనుషులు. ప్లైవుడ్ పలకలు, కర్రలు, థర్మాకోలుతో చేసిన రాళ్లు, ప్లాస్టిక్ ఆకులు దించారు. మేస్త్రి వాలు చూసి నోరు తెరిచాడు.

"ఏందన్నా ఇది? గీడ ఎవుసం చేస్తున్నరా?"

"సారు సెట్లు వెయ్యుమన్నడు గదా" అన్నారు మీ అల్లుడు.

"అరే, నీళ్లు పోసే సెట్లు కాదన్నా! సినిమా సెట్టు! గుడిసె, అరుగు, బాయి. మేం వేసే సెట్టు!"

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఒకాయనైతే ప్లైవుడ్ మీద కూలబడి మరీ నవ్వాడు. "వదినె, నీ సెట్టుకు హీరో ఎవరు?" అన్నాడు ఇంకొకడు. నేను గదిలోకి పోయి తలుపు వెనక నిలబడ్డాను. తప్పంతా నాదే కదా. పనిలో చేరి నాలుగు నెలలే, ఈ గది పోతే ఎక్కడికి పోవాలి? నా మాట విని పని పోగొట్టుకున్నానని ఆయన అనుకుంటారేమోనని ఇంకో భయం.

అంతలో సారు వచ్చారు. అప్పుడే ఊరి నుంచి దిగారు. "ఇదంతా ఎవరు చెయ్యమన్నారయ్యా నిన్ను? సెట్టు వాళ్లు వస్తారు, గేటు చూసుకోవాలనే కదా నీకు చెప్పమన్నది!" అని కోప్పడ్డారు. మీ అల్లుడు చేతులు కట్టుకుని, "తప్పయింది సార్" అన్నారు. నేను చెప్పానని మాత్రం అనలేదు. పై వరసలో గుడిసె కర్రలు పాతాలని మేస్త్రి అన్నాడు. "పీకేయండి. టైం లేదు. నీ సంగతి రేపు మాట్లాడతాను" అన్నారు సారు.

ఒకతను పలుగు పట్టుకుని పై వరస దగ్గరికి పోయాడు. నా కాళ్లు ఎలా కదిలాయో నాకే తెలియదు. రెండు బకెట్ల నీళ్లు మోసుకుని మెట్లెక్కి, ఒక బకెట్ మొక్కలు లేని వైపు పోశాను. నీళ్లు ఎర్రగా ఉరికి, కింద నిలబడ్డ మేస్త్రి చెప్పుల నిండా బురద.

"ఓ చెల్లె! నిన్ననే కొన్న చెప్పులు!" అని ఆయన గెంతాడు.

రెండో బకెట్ నేను నాటిన వైపు పోశాను. మొదటి రాళ్ల వరస దగ్గర నీళ్లు ఆగాయి. మట్టిలోకి ఇంకాయి. మిగిలిన కాసిని నీళ్లు రెండో వరస దాకా మెల్లగా వచ్చి అక్కడే నిలిచాయి. కింద ఒక్క చుక్క పడలేదు.

అప్పుడు నాకు నోరు వచ్చింది. "పై వరస పీకితే కిందియన్ని జారుతయి సార్" అన్నాను.

సారు నా వైపు చూశారు. ఇన్నాళ్లకు నా గొంతు విన్నారు. దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుని రాళ్ల వరసను చేత్తో తట్టి చూశారు. "ఎవరు పేర్చారు ఇవి?"

"నేనే సార్. మా బాపు గిట్లనే పెడ్తడు."

"మేస్త్రీ, మీరు థర్మాకోలుతో చేద్దామన్న గట్టు ఇదేగా?"

"గిదే సార్" అన్నాడు మేస్త్రి, చెప్పులు దులుపుకుంటూ. "మేం చేస్తే గింత అసలు లెక్క రాదు."

"అయితే గుడిసె ఆ ఖాళీ వైపు జరపండి. ఈ మొక్కలకు ఎవరి కాలూ తగలకూడదు." అని లేచి, నాలుగడుగులు వేసి, మళ్లీ ఆగారు. "ఇంతకీ సెట్టంటే చెట్టనుకున్నావా నువ్వు?" నేను తల ఊపాను. సారు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు, బాపూ. మీ అల్లుడు కూడా నవ్వారు. చివరికి నేనూ నవ్వాను.

షూటింగ్ అయ్యాక మిగిలిన సగం వాలు కూడా నన్నే వేయమన్నారు సారు. "ఈసారి చెట్లే" అని మరీ చెప్పారు. అటు వైపు బండ ఎక్కువ, మట్టి తక్కువ. బండ సందుల్లో ఏది నిలుస్తుందో నువ్వు చెప్పాలి. పిల్లిపీచర తీగ నిలుస్తుందా? ఊరి నుంచి ఎవరైనా వచ్చేటప్పుడు ఎండిన తంగేడు కాయలు, బతుకమ్మకు పేర్చే గునుగు పూల గింజలు కొన్ని గుడ్డలో కట్టి పంపించు. ఇక్కడ నర్సరీలో గునుగు అడిగితే, అది పీకి పారేసే గడ్డి కదా అన్నాడు. అవ్వను కొంచెం పచ్చి మామిడి తొక్కు కూడా పంపించమను. పని ఎక్కువై నాకు ఆకలి బాగా వేస్తున్నది.

షూటింగ్ వారం ఆలస్యంగా మొదలైంది. అది నడిచిన మూడు రోజులూ మాకు వంట లేదు, వాళ్లతోనే భోజనం. బగారన్నం, పప్పు, రెండు కూరలు, పెరుగు. పెద్ద పెద్ద దీపాల వెలుతురులో నా నిమ్మగడ్డి నిజంగా మన గుట్ట మీద ఉన్నట్టే ఉంది. నేను కిటికీలోంచి చూశాను. రమ్మన్నారు కానీ పోలేదు.

నిన్న మేస్త్రి మనుషులు వచ్చి సెట్టు విప్పారు. గుడిసె పలకలై పోయింది, బావిని ఇద్దరు మనుషులు చంకన పెట్టుకుని తీసుకుపోయారు. అంతా డీసీఎంలో ఎక్కించాక మేస్త్రి గేటు దగ్గర ఆగి, "చెల్లె, మాది మూడ్రోజుల సెట్టు. నీది ఎన్ని రోజులదో చెప్పు మరి" అన్నాడు.

అంతమంది చూస్తుండగానే నేను మెట్లెక్కాను. పై వరసకు పోయి ఒక వట్టివేరు పిలకను పట్టుకుని లాగాను. రాలేదు. ఇంకొంచెం గట్టిగా లాగాను. నా చేయి జారింది కానీ అది కదల్లేదు.

"వేరు పట్టిందన్నా!" అని పైనుంచే అరిచాను. నా గొంతు వీధిలోకి వినపడి ఉంటుంది.

బాపూ, అవ్వా, మీ చేతులు మా తలల మీద ఉన్నాయనే అనుకుంటాం. అన్నకూ వదినకూ మా ఇద్దరి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పొరుగింటి పెద్దవ్వకు నా దండం చెప్పండి. వానలు పడుతున్నాయి, నువ్వు తడి గట్ల మీద నడవకు.

మీ బిడ్డ,
రేణుక