దండ వేసిన పటం

అన్నా,

నువ్వు పోయి ఏడాది నిండింది. బాగేపల్లిలో కొత్తగా కళామందిరం కట్టారు. నిన్న అక్కడ పాత వీధినాటక కళాకారులను తలుచుకుంటూ సభ పెట్టారు. గోడ మీద మొదటి పటం కింద నీ పేరు రాసి, ‘రాజవేషధారి, స్వర్గస్థులు’ అని కూడా రాశారు.

ఆ పటంలో ఉన్నది మాత్రం నేను.

మన గూళూరుకు ఫోటో తీసే ఆయన వచ్చిన రోజు నీకు జ్వరం. నీ కిరీటం, భుజకీర్తులు నాకిచ్చి పంపావు. ముఖానికి అరదళం రంగు పూసుకుని మీసం దిద్దుకుంటే ఎవరికి తెలుస్తుంది, అన్నో తమ్ముడో?

నిజం చెబుదామని లేచాను. నేను దుఃఖం ఆపుకోలేక లేచాననుకుని అధ్యక్షుడు నా చేతిలో దండ పెట్టాడు.

“తమ్ముడే వెయ్యాలప్పా, అందరూ చూస్తాండారు.”

బతికుండగానే నా పటానికి నేనే దండ వేసుకున్నాను. ముందు వరుసలో వదిన లేచి దానికి దండం పెట్టింది.

బయటికి రాగానే వదిన దగ్గరికి పరుగెత్తాను. “వదినా, ఆ పటం...”

“ఇన్నేండ్లు ఆయనకి ఆ కిరీటం కట్టినదాన్ని, నాకు తెలీదా అప్పా? ఆ చేతివేళ్లు నీవే. ఎవరికీ చెప్పొద్దు. ఆ పటం దించితే మీ అన్న పేరూ దించేస్తారు. ఆయనది ఇంగో పటం యాడుండాది?”

ఇక ఏటా ఆ సభలో దండ నేనే వేయాలట, అధ్యక్షుడు చెప్పాడు.

ఆ రోజు జ్వరంతోనైనా నువ్వే వెళ్లి ఉండకూడదా, అన్నా?

నీ తమ్ముడు