కాస్త చలి, కాస్త ఉక్క

ప్రియమైన వదినగారికి,

ముందు కూర్చోండి, కూర్చున్నాకే చదవండి. నేనైతే కుర్చీలో కూలబడి రాస్తున్నాను.

పొద్దున్నే మా అమ్మాయి, అంటే మీ కోడలు, ఫోన్ చేసింది. దానికీ అల్లుడికీ బ్యాంకువాళ్ళు ఒకేచోటికి బదిలీ ఇస్తామన్నారట! రెండు ఊళ్ళలో ఖాళీలున్నాయట. ఒకటి మా ఊరు. రెండోది, విచిత్రం చూడండి, మీ ఊరు! నెలాఖరులోగా ఏదో ఒకటి రాసివ్వాలట. ఆ మహానగరం దుమ్ములో ఉన్నంతకాలం మన మనవరాలు బుడ్డిదాని దగ్గు తగ్గదని, మంచి గాలి ఉన్న ఊరికి తీసుకెళ్ళమని డాక్టరమ్మ చెప్పిన సంగతి మీకు తెలిసిందేగా. "మాకు ఏ ఊరైనా ఒకటేనమ్మా. ఈ ఆకులు రాలే కాలం దానికి ఎక్కడ పడుతుందో నువ్వూ అత్తయ్యా తేల్చండి. మీరేం చెబితే అదే" అంది.

ఇందులో తేల్చడానికేముంది చెప్పండి? మా ఊళ్ళో శరత్కాలం అంటే వెన్నపూస. ఎండ చురుక్కుమనదు, గాలి గిచ్చదు. సాయంత్రం కాస్త ఉక్క, అంతే. సముద్రం మీంచి గాలి తిరిగిందంటే అదీ హాంఫట్. మీ కొండమీద ఈపాటికే పళ్ళు టకటకలాడుతుంటాయి పాపం. నెలల పిల్లని ఆ చలిలో ఎందుకండీ పెట్టడం? మీరు సరేనంటే ఆ మాట నేనే పిల్లలకి చెప్పేస్తాను.

ఇదంతా ఫోన్లోనే అడగొచ్చు. కానీ మీ గొంతు వింటే నాకు నవ్వొస్తుంది, నవ్వొస్తే మొహమాటం వస్తుంది. కాగితం మీదైతే నిక్కచ్చిగా దెబ్బలాడగలను.

మా లాండ్రీలో దుప్పట్ల గుట్ట నాకోసం చూస్తోంది. అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

మీరు ఒప్పేసుకుంటారన్న ధీమాతో,
మీ సముద్రం వదిన


ప్రియమైన సముద్రం వదినగారికి,

ఓహోహో! ఎంత తేలిగ్గా తేల్చేశారండీ! మీ ఉత్తరం చదివి మీ అన్నయ్యగారు "ఇది అడగడమా, లాక్కోవడమా?" అన్నారు.

బదిలీ కబురు మావాడు కూడా చెప్పాడు. వినగానే మా బేకరీ మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టేశాను. రొట్టె కొనడానికొచ్చిన పోస్టుమాస్టరు నాకు లాటరీ తగిలిందనుకున్నాడు. తగిలినట్టే కదా మరి! వచ్చిన లాటరీని తీసుకెళ్ళి మీ చేతిలో పెడతానా?

మా వీధికి వచ్చి చూడండి ఒక్కసారి. చెట్లన్నీ పసుపూ ఎరుపూ. వాకిలి ఊడ్చి చీపురు మూలన పెట్టి తిరిగొచ్చేసరికి మళ్ళీ ఆకులే. ఆకాశం కడిగి బోర్లించిన పళ్ళెంలా తళతళమంటోంది. బుడ్డిది ఇప్పుడిప్పుడే పాకుతోంది కదా, ఈ ఆకుల మీద వదిలితే ఆ గలగలలు వినడానికే నడక నేర్చేసుకుంటుంది. గాలిలో దుమ్మన్నది లేదు. పొద్దున కాస్త చలి, అంతే. ఒక శాలువా కప్పుకుంటే చాలు. పళ్ళు టకటకలాడతాయని మీకెవరు చెప్పారండీ?

నిజం చెప్పొద్దూ, ఈ కాలంలో రొట్టెపిండి మాత్రం పొంగడానికి బద్ధకిస్తుంది. పొయ్యి పక్కన పెట్టి, దుప్పటి కప్పి, బతిమాలి, తిట్టి పొంగించాలి. అయినా పిండి సంగతి వేరు, పిల్ల సంగతి వేరు.

మీ సముద్రం గాలి గొప్పదే, కాదనను. కిటికీ ఊచలు తుప్పు పట్టేది ఆ గాలికే కదూ?

ససేమిరా లొంగని,
మీ కొండ వదిన


ప్రియమైన కొండ వదినగారికి,

ఊచలదాకా వచ్చారా! సరే, నేను మాత్రం తగ్గుతానా?

పెళ్ళి ఆ మహానగరంలోనే అయిపోయింది కాబట్టి మీరు మా ఊరు చూడలేదు, నేను మీ ఊరు చూడలేదు. చూడని ఊరి గురించి ఎన్ని కోతలైనా కొయ్యొచ్చు. ఒక శాలువా చాలంటున్నారు, ఆ శాలువా ఎంత మందమో రాయలేదేం?

పోయిన నెల బుడ్డిది ఇక్కడ వారం రోజులుంది. ఎలా చూసుకున్నానో మీ కోడల్నే అడగండి. స్నానం కాగానే దాని గౌను ఇస్త్రీపెట్టెతో వెచ్చగా చేసి తొడిగేదాన్ని. ఏ యువరాణికి జరుగుతుందండీ ఆ వైభోగం? దగ్గంటారా, ప్రయాణం బడలికకి కొంచెం ఎక్కువైంది, అంతే.

ఇంక ఒక మాట దెబ్బలాటలో కాకుండా చెబుతున్నాను. మీకు అన్నయ్యగారున్నారు, బేకరీ నిండా రోజంతా మనుషులే. నాకు తోడు ఈ లాండ్రీ బాయిలర్ ఒక్కటే. ఏమడిగినా బుస్సుమంటుంది. బుడ్డిదాని అల్లరితో ఈ ఇల్లు ఎలా ఉంటుందో రోజూ ఊహించుకుంటున్నాను. అది ఇటు రాకపోతే నా గతేమిటా అని తలుచుకుంటే భయమేస్తోంది. జాలి కోసం రాయలేదిది. కొట్టేసి మళ్ళీ రాద్దామంటే వేరే కాగితం లేదు.

వచ్చే వారం నా ఉత్తరం ఆలస్యమైతే కంగారుపడకండి. కొట్లో పని పీకలదాకా ఉంది.

పట్టు వదలని,
మీ సముద్రం వదిన


ప్రియమైన సముద్రం వదినగారికి,

జాలిపడలేదు లెండి, మీరు పడనిస్తేగా. కానీ మీ ఉత్తరం రెండోసారి చదువుతూ ఒక వాయి రొట్టెలు మాడ్చేశాను.

మనం ఇద్దరం ఒక్కదానికోసమే కదా గింజుకుంటున్నాం. అది తలుచుకుంటే ఒకసారి నవ్వొస్తోంది, ఒకసారి మనసు అదోలా అయిపోతోంది.

నాకూ వచ్చే వారం తీరుబడి లేదు. బేకరీలో పొయ్యి బాగుచేయించాలి. ఉత్తరం రాలేదని నేను ఓడిపోయాననుకునేరు, అంత సీను లేదు!

ప్రస్తుతానికి సెలవు,
మీ కొండ వదిన


ప్రియమైన వదినగారికి,

ఈ ఉత్తరం మీ వంటింట్లో, మీ పీట మీద కూర్చుని రాస్తున్నాను. పంపుతున్నది మా ఇంటి చిరునామాకి. ఏం మనుషులమండీ మనం!

పొయ్యీ లేదు, బాగుచేయించడమూ లేదు. మీ కోతల్ని అక్కడికక్కడే పట్టుకుందామని చెప్పాపెట్టకుండా రైలెక్కేశాను. స్వెట్టరు మీద స్వెట్టరు, తలకి మఫ్లరు. మీ వీధి మొదట్లోనే "కాస్త ఉక్క" అంటే ఏమిటో నాకు బోధపడింది. మఫ్లరు పిండితే గ్లాసు నిండేది. తీరా వచ్చి చూస్తే మీ తలుపుకి తాళం! ఎదురింట్లో గడియారాలు బాగుచేసే ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఆవిడ లేరండీ. వియ్యపురాలి కోతలేమిటో చూసొస్తానని కొండ ఊరు వెళ్ళారు" అన్నాడు. మీ మెట్ల మీదే చతికిలబడి పగలబడి నవ్వాను. ఆ వియ్యపురాలిని నేనేననేసరికి ఆయన జడుసుకుని తాళంచెవి నా చేతిలో పెట్టేసి లోపలికి పోయాడు. మన రైళ్ళు రెండూ దారిలో ఎక్కడో ఎదురెదురుగా కూతపెట్టుకుంటూ వెళ్ళిపోయి ఉంటాయి!

ఇంటికి ఫోన్ చేస్తే మీ అన్నయ్యగారు ఎత్తారు. "ఆవిడ నా కోటు వేసుకుని పొయ్యి దగ్గర్నుంచి కదలట్లేదు. ఫోన్ ఇవ్వనా?" అన్నారు. వద్దన్నాను. ఇది కాగితం మీద మొదలైంది, కాగితం మీదే తేలాలి. మీరు అక్కడ కళ్ళారా చూడండి, నేను ఇక్కడ చూస్తాను.

చూశాను కూడా. ఊరికే కూర్చుంటే నా చేతులు ఊరుకోవు కదా, కాస్త రొట్టెపిండి కలిపి, గిన్నె మీద మూతపెట్టి, సముద్రం చూసొద్దామని వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పిండి మూతని నెట్టేసి గట్టు మీదకి దిగిపోయింది! బతిమాలలేదు, తిట్టలేదు, దుప్పటి కప్పలేదు. ఇన్నేళ్ళూ ఆ కొండమీద నేను కుస్తీపట్టింది ఈ పిండితోనేనా అని నోరెళ్ళబెట్టాను. గడియారాలాయనకి ఒక రొట్టె ఇస్తే మర్నాడు పళ్ళెం పట్టుకుని తనే వచ్చాడు.

తర్వాత పక్కగది తలుపు తీశాను. తీయకుండా ఉండాల్సింది. లేత పసుపు గోడలు, దోమతెర కట్టిన కిటికీ, మూలలు తగలకుండా మెత్తగా గుడ్డ చుట్టిన చిన్న మంచం. గోడకి నా మోకాలి పైన ఒక మేకు, దానికి అరచేతంత తువ్వాలు. బుడ్డిది ఇంకా పాకుతూనే ఉంది వదినగారూ. అది నిలబడి అందుకోబోయే ఎత్తుకి మీరు అప్పుడే మేకు కొట్టేశారు. ఆ మేకు ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఇంక నాకు దెబ్బలాడే ఓపిక లేదు. నాకు ఆయన ఉన్నారు, ఊరంతా ఉంది. ఇక్కడి గాలి మెత్తగానే ఉంది. పిండి ఇంత హాయిగా పొంగిన చోట పిల్ల పెరగదా ఏం? మీ దగ్గరే ఉండనివ్వండి. మీ జవాబు చూసి ఆ మాట నేనే పిల్లలకి చెబుతాను. అప్పటిదాకా మీ ఇల్లు నేను చూసుకుంటాను.

మనస్ఫూర్తిగా ఓడిపోయిన,
మీ కొండ వదిన


ప్రియమైన వదినా,

"గారు" ఎగిరిపోయింది చూసుకోండి. మీ చెప్పులేసుకుని, మీ మంచం మీద పడుకుని, ఇంకా గారేమిటి?

పిల్లలకి ఏమీ చెప్పకండి! చెప్పినా ఇంక లాభం లేదు. మీ ఉత్తరం అందకముందే నేను ఫోన్ చేసేశాను. ఏం చెప్పానో వినండి.

కాస్త చలా వదినా ఇది? ఒక శాలువా చాలా? మొదటిరోజు పొద్దున్నే బకెట్లో చెయ్యి పెట్టి నేను పెట్టిన కేకకి అన్నయ్యగారు అట్లకాడ పట్టుకుని పరుగెత్తుకొచ్చారు, దొంగలనుకుని. ఆ కోపంలో మీ ఇంట్లో దుప్పట్లన్నీ ఉతికేశాను. నా చేతులు మాత్రం ఊరుకుంటాయా? బేకరీ వెనక పెరట్లో ఆరేసి, వేడిగా టీ తాగి, వీధిలో ఆకుల మీద నాలుగడుగులు వేసి (గలగల నిజమే, ఒప్పుకుంటున్నాను) వచ్చి చూద్దును కదా, ఆరిపోయాయి! పెళపెళమంటున్నాయి! నమ్మలేక చెంపకి ఆనించుకున్నాను. ఎండ వాసన! మా ఊళ్ళో ఈ కాలంలో దుప్పటి ఆరడమంటే నాతో పంతం వేసుకున్నట్టే. పూటలకి పూటలు తాడు మీదే వేలాడి, చివరికి ఇస్త్రీపెట్టె కిందే ఆరుతుంది.

ఆ దుప్పటి పట్టుకుని ఉండగానే నాకు తట్టింది. బుడ్డిదాని గౌను ఇస్త్రీపెట్టెతో వెచ్చగా చేసి తొడిగానని గొప్పగా రాశానే, అది వైభోగం కాదు వదినా. గౌను ఆరక! బట్టనే ఆరనివ్వని గాలి ఆ పసిదాని గుండెల్లో నెమ్ముని ఆరనిస్తుందా? ఆ వారం అది దగ్గింది ప్రయాణం బడలికకి కాదు. నా పక్కనే పడుకుని దగ్గుతుంటే నాకది పట్టలేదు, అది నా దగ్గరుందన్న సంబరంలో. మీ పిండికి తెగ నచ్చిన తేమే దానికి పడటం లేదు. పిండి సంగతి వేరు, పిల్ల సంగతి వేరని మీరే రాశారుగా.

ఏడ్చాను, దాచుకోను. అన్నయ్యగారు వేడి రొట్టెముక్క నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. అది తిని, మొహం కడుక్కుని, అమ్మాయికి ఫోన్ చేసి "కొండ ఊరే రాసివ్వండి" అన్నాను. "అమ్మా, నువ్వేనా మాట్లాడేది? అత్తయ్య పక్కన నిలబడి చెప్పిస్తోందా?" అంది. "మీ అత్తయ్య మనింట్లో ఉందే" అన్నాను. పడీపడీ నవ్వింది. తర్వాత "మరి నువ్వో?" అంది. రొట్టె మాడుతోందని చెప్పి పెట్టేశాను.

ఇవాళ మీ ఉత్తరం వచ్చింది. మేకు మాట దగ్గర మళ్ళీ ఏడ్చి, వెనక్కి తిప్పి పిండి సంగతి మళ్ళీ చదివాను. చదివి లేచి నిలబడ్డాను. మీ పిండికి కావలసింది సముద్రం కాదు వదినా! వెచ్చని ఆవిరి! ఆవిరికి నా దగ్గరేం కొదవ? ఏమడిగినా బుస్సుమంటుంది కదా నా బాయిలర్!

మీ బేకరీకి ఆనుకుని ఆ పాత చెప్పుల కొట్టు తాళం వేసి ఉంది చూడండి, దాని యజమానితో ఇప్పుడే మాట్లాడి వచ్చాను. లాండ్రీ అక్కడ పెడుతున్నాను. మీ పిండిగది గోడకి అటువైపు నా బాయిలర్. గోడలో చిన్న కిటికీ కొట్టిద్దాం. నా ఆవిరికి మీ పిండి పొంగుతుంది, మీ ఎండకి నా దుప్పట్లు ఆరతాయి, మన బుడ్డిది ఆ గదిలోంచి ఈ గదిలోకి పాకుతుంది. అన్నయ్యగారు అప్పుడే టేపు తెచ్చి గోడ కొలిచేస్తున్నారు. అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ముందు మీకే.

ఆ ఇంటి గురించి నాకు బెంగ లేదు. గడియారాలాయనకి తాళంచెవి ఇచ్చేసి రండి, మిగతాది నేను వెళ్ళి సర్దుకుంటాను. ఆ మేకు మాత్రం పీక్కుని తెండి. పీకేముందు ఎత్తు ఒక దారంతో కొలిచి, ఆ దారం కూడా తెండి. ఇక్కడ మన మధ్యగోడకి అదే ఎత్తులో కొడదాం.

ఇకనుంచి ఇద్దరిదీ ఒకటే ఎండ, ఒకటే గాలి. దెబ్బలాటకి వేరే సాకు వెతుక్కోవాలి. ఏం వెతుక్కుంటామో తలుచుకుంటేనే నాకు సంబరంగా ఉంది!

అన్నట్టు, ఆ స్వెట్టర్లు రెండూ ఉక్కకి తట్టుకోలేక అక్కడే పారేసి వచ్చేరు. ఒకటి నాకోసం తీసుకురండి. ఇక్కడ కాస్త చలి.

మీ గోడ అవతలి వదిన