మావగారు బండి అన్నది దేన్ని?

గజపతినగరం శివారులో వ్యవసాయం చేసుకునే కొల్లి గణపతిరావు అనే నేను, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా ఇది. నాకు షుగరు ఉంది గానీ మతిమరుపు లేదు. ముఖ్యంగా నా తోడల్లుడు త్రినాథ్ విషయంలో ఏదీ మరిచిపోలేదు.

1. ఇల్లు, రెండెకరాల పల్లం సర్వహక్కులతో నా భార్య లక్ష్మణమ్మకు చెందాలి. ఆమె తదనంతరం పిల్లలిద్దరికీ సమానంగా చెందాలి.

2. ఈ దస్తావేజులో బండి అంటే ఎడ్లబండి మాత్రమే. జీపును జీపనే రాయించాను. దీనికి కారణం ఉంది. మా వైపు ఎడ్లబండీ బండే, మోటారు సైకిలూ బండే, రైలూ బండే. ముప్పై ఏళ్ళ కిందట మా మావగారు, "బండి పెద్దల్లుడికిచ్చీండి" అని కన్నుమూశారు. పెద్దల్లుణ్ణి నేను. అప్పుడు ఆయన వాకిట్లో ఎడ్లబండీ ఉంది, డీజిలు జీపూ ఉంది. నేను విత్తనాలకని వేరే ఊరు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సేద్యం చేసేవాడికి ఎడ్లబండి, రోడ్డు పనులు చేయించే త్రినాథ్‌కు జీపు అని పెద్దలు తేల్చేశారు. నేను నోరెత్తలేదు. కడుపుమంట మాత్రం ఆనాటి నుంచీ చల్లారలేదు.

3. హుద్‌హుద్ తుఫానుకు కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, బంకులు మూతపడ్డాయి. ఊళ్ళో కార్లన్నీ కదలకుండా ఉండిపోతే, త్రినాథ్ జీపు మాత్రం, రోడ్డు పనులకని అతను డబ్బాల్లో దాచిన డీజిలు పోసి హ్యాండిలు తిప్పగానే లేచింది. దానికి కంప్యూటరు లేదు. ఏది ఊడినా తీగ చుట్టి నడిపించుకోవచ్చు. పడిన చెట్లు నరికించుకుంటూ అందరికీ మంచినీళ్ళు మోశాడు. నా భార్య కూడా దాని ముందు సీట్లోంచి నవ్వుతూ దిగింది. నా బండి దిగి ఆమె అలా నవ్వడం నేనెన్నడూ చూడలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అప్పటి నుంచి నాదొకటే ధ్యాస. తుఫాను సరే, రేపు లోకమే కూలిపోయి, డీజిలూ స్పేరు పార్టులూ రాకపోతే, త్రినాథ్ జీపు ఆగిపోయాక కూడా నడిచేది నా దగ్గర ఉండాలి. పాత ట్రాక్టర్లు చూశాను. అవీ డీజిలే తాగుతాయి. మా అబ్బాయి గిరిబాబు ఎండతో ఛార్జింగు పెట్టుకునే కరెంటు కారు మేలని తెచ్చుకున్నాడు. ఎలక ఒక వైరు కొరికితే విశాఖపట్నం నుంచి మనిషి దిగాల్సి వచ్చింది. తిరిగి తిరిగి నా వాకిట్లో బండి దగ్గరికే వచ్చాను. ఇరుసుకు ఆముదం కావాలి, చక్రానికి వడ్రంగి కావాలి, ఎడ్లకు గడ్డి కావాలి. మూడూ మా ఊళ్ళోనే దొరుకుతాయి.

4. కాబట్టి బండి, ఎడ్ల జత, కాడి మా అమ్మాయి ఝాన్సీకి ఇస్తున్నాను. చక్రం ఊడదీసి ఇరుసుకు ఆముదం పెట్టమంటే ఆమె పెట్టింది, గిరిబాబు వీడియో తీశాడు. గిరిబాబుకు నా చేతి గడియారం. రోజూ కీ ఇచ్చుకోవాలి, ఛార్జింగు అక్కర్లేదు.

ఈ బండిని త్రినాథ్‌కు గానీ అతని వారసులకు గానీ అమ్మరాదు. లోకం కూలిన నాడు అతను మా గుమ్మం ముందుకొచ్చి నోరు తెరిచి అడిగితే ఎక్కించుకోవాలి. అడక్కపోతే ఎక్కించుకోవద్దు.

5. ఇంతవరకు రాయించాక నిన్న త్రినాథ్ వచ్చాడు. వీలునామా సంగతి లక్ష్మణమ్మ చెప్పిందట. బండి నొగ మీద కూర్చున్నాడు. తరవాత జీపు తాళం నా ఒళ్ళో పెట్టాడు.

"అన్నియ్యా, మావ బండన్నది జీపునే. సెయ్యి కూడా అటే సూపించినాడు. నాను సూసినాను. దాని మీద ఆశ పుట్టి ఏటీ అన్లేదు. పట్టుకెళ్ళిపో."

ఇన్నేళ్ళూ నేను కుళ్ళుకున్నది నా సొంత జీపును చూసేనన్నమాట. మావగారు పోతూ పోతూ నన్నే తలచుకున్నారని ముందు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కోపం ఆ తరవాత వచ్చింది. అయినా తాళం తిరిగిచ్చేశాను. ఇప్పుడు పుచ్చుకుంటే అతను నాకు ఇచ్చినట్టవుతుంది.

6. నా సొంతమైన జీపును నా తదనంతరం నా తోడల్లుడు త్రినాథ్‌కు ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను. కాగితాలు పెద్దలు పంచినప్పటి నుంచీ అతని పేరు మీదే ఉన్నాయి గనక ఈ రాత చెల్లదని వకీలు గారన్నారు. చెల్లకపోయినా రాయమన్నాను. నేను బతికున్నంత కాలం అతను నడిపేది నా జీపు. నేను పోయాక నడిపేది నేనిచ్చిన జీపు. ఎవరడిగినా అతను అలాగే చెప్పాలి.

పై సంగతులన్నీ చదివించుకుని విని, సరేననుకుని చేసిన సంతకం.

గజపతినగరం, 14 నవంబరు 2025
(సం.) కొల్లి గణపతిరావు

సాక్షులు:
బొత్స జగన్నాధం, పక్క చేను రైతు
రౌతు రాజకుమారి, ఉపాధ్యాయిని